నది ఒడ్డు క్యాంప్‌గ్రౌండ్‌లో టెంట్ వేసుకుని రాత్రి గడపడం ఎలా?

"టెంట్ మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది. రాత్రి ఒక్క చినుకు కూడా పడలేదు. అయినా తెల్లారేసరికి స్లీపింగ్ బ్యాగ్ ఎందుకు తడిసింది?" నది ఒడ్డున మొదటిసారి పడుకుని వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఇదే. దాని వెనకే మిగతావి వస్తాయి: నీటికి ఎంత దూరంలో వేయాలి, ఇసుకలో మేకులు నిలవడం లేదేం, నది నీళ్లు కాచుకుని తాగొచ్చా.

నది ఒడ్డున నీళ్లు నాలుగు దారుల్లో వస్తాయి. పైనుంచి వానగా, కిందనుంచి నేల చెమ్మగా, పక్కనుంచి నది పొంగుగా, లోపలినుంచి మీ ఊపిరి ఆవిరిగా. టెంట్ గుడ్డ మొదటిదాన్ని ఆపుతుంది, రెండోదాన్ని కొంతవరకు ఆపుతుంది. మిగతా రెండూ మీరు ఎంచుకునే చోటు మీద, టెంట్ వేసే తీరు మీద ఆధారపడి ఉంటాయి. అందుకే కింద చోటు గురించి, మేకుల గురించి ఎక్కువ రాశాం.

ఇక్కడ చెప్పేది అన్ని సౌకర్యాలూ ఉండే చోట్ల గురించి కాదు. చదును చేసిన స్థలం, ఒక బల్ల, నిప్పు పెట్టుకోవడానికి ఇనుప చట్రం, ఒక గుంట మరుగుదొడ్డి, అంతే. కరెంటు, స్నానాల గది ఉండవు. కుళాయి ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

కావలసినవి (ఇద్దరికి, ఒకటి రెండు రాత్రులకి)

- టెంట్: ముగ్గురికి లేదా నలుగురికి అని రాసి ఉన్నది. టెంట్ల మీద రాసే లెక్క భుజానికి భుజం తగిలేలా పడుకుంటే పట్టే లెక్క. సంచులకి అందులో చోటు ఉండదు. పై గుడ్డకి (వానని ఆపే బయటి పొర) కనీసం 1500 మి.మీ., అడుగు గుడ్డకి 3000 మి.మీ. నీటి నిరోధం (ఎంత ఎత్తు నీటి ఒత్తిడికి కారకుండా ఆగుతుందో చెప్పే లెక్క) ఉంటే మామూలు వానకి సరిపోతుంది. పై గుడ్డ దాదాపు నేలదాకా దిగాలి. నెత్తి మీద టోపీలా మాత్రమే ఉండే రకం ఏటవాలు వానకి ఆగదు.
- టెంట్ కింద వేసే పట్టా: అడుగు కంటే అన్ని వైపులా 5 సెం.మీ. చిన్నది.
- మేకులు: టెంట్‌తో వచ్చినవి కాక మరో 6. వాటిలో సగం 20 సెం.మీ. కంటే పొడవైనవి.
- 3 మి.మీ. లావు తాడు 15 మీటర్లు, రబ్బరు సుత్తి, చిన్న చీపురు, పాత తువ్వాలు రెండు.
- పరుపులు, స్లీపింగ్ బ్యాగులు.
- తలకి తగిలించుకునే లైట్లు మనిషికొకటి, విడి బ్యాటరీలు.
- తాగడానికి, వంటకి మనిషికి రోజుకి 4 లీటర్ల నీళ్లు. కడుక్కోవడానికి వేరే.
- గ్యాస్ స్టవ్, మూత ఉన్న గిన్నె, బకెట్, గట్టి మూత పెట్టె ఒకటి తిండికి.
- మరుగుదొడ్డి కాగితం, సబ్బు, చేతులు శుభ్రం చేసే ద్రవం, చెత్త సంచులు, చిన్న పార.
- ప్రథమ చికిత్స పెట్టె, ఈల, ఇంటి నుంచే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్. నది లోయల్లో సిగ్నల్ దొరుకుతుందని అనుకోవద్దు.

1. ముందు ఇంటి దగ్గర వేసి చూడండి

బయల్దేరే వారం ముందు టెంట్ మొత్తం నిలబెట్టండి. ఊచల ముక్కలన్నీ ఉన్నాయా, జిప్పులు చివరిదాకా వెళ్తున్నాయా, మేకులు ఎన్ని ఉన్నాయో చూడండి. తర్వాత పైపుతో పది నిమిషాలు నీళ్లు చల్లి లోపల కూర్చుని కుట్ల వెంబడి చూడండి. కారేది ఎక్కువగా గుడ్డలోంచి కాదు, కుట్టు రంధ్రాల్లోంచి. కారితే సీమ్ సీలర్ (కుట్టు రంధ్రాల్ని మూసే జిగురు) పూయాలి. సిలికాన్ పూత ఉన్న గుడ్డకి సిలికాన్ సీలరే పడుతుంది, పాలీయురెథేన్ పూతకి దానికి తగ్గదే. తారుమారైతే ఎండాక పొరలా ఊడి వస్తుంది. పూశాక ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ నీళ్లు చల్లి చూడండి.

2. పొద్దు ఉండగా చేరండి

సూర్యాస్తమయానికి కనీసం రెండు గంటల ముందు. చీకట్లో ఎంచుకున్న చోటు తప్పైతే అది తెల్లారాక గానీ తెలియదు, లేదా అర్ధరాత్రి తెలుస్తుంది. ముందు ద్వారం దగ్గరి బోర్డు చదవండి: నిప్పుకి అనుమతి ఉందా, రుసుము ఎలా కట్టాలి, నిశ్శబ్ద వేళలు ఏవి, జంతువుల గురించి ఏమన్నా హెచ్చరిక ఉందా. పైన ఆనకట్ట ఉందని, నీరు వదులుతారని రాసి ఉంటే ఆ ఒక్క వాక్యం మిగతా అన్నిటికన్నా ముఖ్యం. ఆకాశం నిర్మలంగా ఉన్నా సరే, గేట్లు ఎత్తితే మట్టం పెరుగుతుంది.

3. చోటు ఎంచుకోవడం

ఈ పనికి అరగంట ఇవ్వండి. టెంట్ ఎంత మంచిదైనా తప్పు చోటుని సరిచేయలేదు.

మొదట నది ఎక్కడిదాకా వస్తుందో చూడండి. పొదల కొమ్మల్లో చిక్కుకున్న ఎండుగడ్డి, పుల్లలు, ప్లాస్టిక్. చెట్టు మొదళ్ల మీద ఒకే ఎత్తులో ఎండిన బురద చార. అన్నీ ఒకే వైపు ఒరిగి పడుకున్న గడ్డి. ఇవన్నీ గత వరద పెట్టిన గుర్తులు. ఆ గుర్తు కంటే నిలువునా కనీసం ఒక మీటరు పైన ఉన్న చోటే చూడండి. నీటికి యాభై అడుగుల దూరంలో ఉన్నాం కదా అనే లెక్క పనికిరాదు. చదును ఒడ్డు మీద అర మీటరు మట్టం పెరిగితే నీళ్లు ఆ దూరమంతా పాకుతాయి. దూరం కాదు, ఎత్తు చూడాలి.

నది మధ్యలోని ఇసుక తిన్నెలు, ఎండిన పాయలు ఎంత అందంగా ఉన్నా వద్దు. టెంట్ నుంచి బండి దాకా ఉన్న దారిలో దాటాల్సిన వాగు ఏదీ ఉండకూడదు. నీళ్లు పెరిగినప్పుడు ముందు మూసుకుపోయేది ఆ వాగు దారే.

తర్వాత తల ఎత్తి చూడండి. ఎండిపోయిన కొమ్మలు, సగం విరిగి వేలాడేవి, మొదలు పుచ్చిన చెట్లు ఉంటే వాటి కింద వద్దు. గాలి లేకుండా కూడా కొమ్మలు రాలతాయి. అయితే చెట్ల నీడని పూర్తిగా వదిలేయకండి. ఆకుల కింద మంచు తక్కువ పడుతుంది, తెల్లవారి టెంట్ పొడిగా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్ల గుంపు అంచున వేయడం మంచి మధ్యేమార్గం.

చల్లగాలి బరువుగా ఉంటుంది కాబట్టి రాత్రి పల్లానికి జారి నది వెంబడి నిలుస్తుంది. నీటి అంచున ఉన్న స్థలం కంటే గట్టు మీద పదడుగులు ఎక్కి వేసుకున్నది వెచ్చగా, పొడిగా ఉంటుంది, దోమలూ తగ్గుతాయి. నీళ్లు కనిపించాలని అంచు స్థలానికే పోటీ పడతారు చాలామంది. పగలు కుర్చీలు అక్కడ వేసుకోండి, పడక మాత్రం పైన.

చివరగా నేల. చేత్తో తడిమి చూడండి. చల్లగా, మెత్తగా అంటుకుంటే కింద చెమ్మ ఉంది. ఎంతోమంది టెంట్లు వేసి తొక్కిన స్థలాలు మధ్యలో గిన్నెలా గుంటపడి ఉంటాయి. వాన వస్తే నీళ్లు నిలిచేది అక్కడే. ఒక సీసాలో సగం నీళ్లు పోసి అడ్డంగా పడుకోబెడితే వాలు ఎటో తెలుస్తుంది. కొంచెం వాలు మంచిదే, తల మాత్రం మిట్ట వైపు ఉండాలి.

*సరిచూసుకోండి:* అనుకున్న చోట పరుపు లేకుండా రెండు నిమిషాలు పడుకోండి. నడుముకి గుచ్చుకునే రాయి, జారిపోయే వాలు అప్పుడే తెలుస్తాయి.

4. పట్టా పరవడం

రాళ్లు, పుల్లలు, పైన్ కాయలు ఏరండి. ఆకుల పొరని మాత్రం గీకేయకండి, కాలవ తవ్వకండి. కాలవ తవ్వడం పాత అలవాటు. నేల కోసుకుపోతుంది, చాలా చోట్ల నిషేధం కూడా.

పట్టా అంచు టెంట్ బయటికి ఒక్క వేలెడు కూడా రాకూడదు. బయటికి వస్తే పై గుడ్డ మీంచి జారిన వాన పట్టా మీద పడి, పట్టాకీ అడుగుకీ మధ్య చేరి నిలుస్తుంది. మీరు పడుకున్న బరువుకి ఆ నీరు పైకి ఊరుతుంది. "అడుగు నుంచి కారింది" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి కారణం ఇదే. పట్టా పెద్దదైతే అంచుల్ని కిందికి మడవండి, పైకి కాదు.

5. నిలబెట్టడం

గాలి ఎటు వస్తుందో చూసి, టెంట్ సన్నటి, పొట్టి వైపు దానికి ఎదురుగా పెట్టండి. తలుపు పక్కకో, వెనక్కో. లోయల్లో పగలు గాలి పైకి, రాత్రి కిందికి వీయడం మామూలు. మధ్యాహ్నపు గాలిని నమ్ముకుని ఒక్క వైపే గట్టిగా కట్టకండి.

ఊచల్ని తొడుగుల్లోంచి నెట్టాలి, లాగకూడదు. లాగితే ముక్కలు లోపల విడిపోతాయి, గుడ్డని పట్టుకుంటాయి. ఫైబర్ ఊచ చీలితే చేతికి ఈనెలు గుచ్చుకుంటాయి, గుడ్డ పట్టుకుని తుడవకండి. చీలిన చోట లోహపు గొట్టం తొడిగి రెండు చివర్లా టేపు చుడితే ఆ ప్రయాణానికి సరిపోతుంది.

మేకులు దించే ముందు జిప్పులన్నీ మూసేయండి. తెరిచి ఉండగా బిగిస్తే తర్వాత తలుపు మూసుకోదు, బలవంతంగా లాగితే జిప్పు పళ్లు తప్పుతాయి.

6. మేకులు, తాళ్లు

ముందు గాలి వచ్చే వైపు మూలలు, తర్వాత ఎదురు మూలలు. మేకు తల టెంట్‌కి దూరంగా, మొన టెంట్ కిందికి వచ్చేలా కొద్దిగా వాల్చి దించండి. తాడు, మేకు సుమారు లంబకోణంలో ఉంటే పట్టు బాగుంటుంది. తల నేలకి ఆనేదాకా దించాలి. పైకి ఎంత మిగిలితే అంత మీటనగోలలా పనిచేసి గాలికి ఊడుతుంది.

ఇసుక, గులకరాళ్ల నేలలో మామూలు మేకు నిలవదు. రెండు ఉపాయాలు:

- చిన్న సంచిలో ఇసుక నింపి మూతి కట్టండి. సంచి నడుముకి తాడు ముడివేసి 30 సెం.మీ. లోతు గుంటలో పాతి, పైన ఇసుక వేసి కాలితో అణచండి. సంచి బదులు ముంజేయంత కర్రని తాడుకి అడ్డంగా పాతినా సరే.
- గులకరాళ్లు ఉంటే మేకుని దిగినంత దించి, తాడు మీద మేకుకి ముందు ఒక పెద్ద రాయి పెట్టండి. వెళ్లేటప్పుడు రాళ్లని తిరిగి వాటి చోట పెట్టేయండి.

తాడుకి జారి బిగిసే ముడి ఒక్కటి నేర్చుకుంటే చాలు. తాడు కొసని మేకు చుట్టూ తిప్పి వెనక్కి తెండి. ఏర్పడిన ఉచ్చు లోపల, అసలు తాడు చుట్టూ మేకు వైపుకి రెండు చుట్లు వేయండి. కొసని ఉచ్చు బయటికి తెచ్చి, అసలు తాడు చుట్టూ అదే దిశలో ఇంకో చుట్టు వేసి, ఆ చుట్టు కింద దూర్చి బిగించండి. ముడిని చేత్తో పైకి జరిపితే తాడు బిగుస్తుంది, వదిలితే అక్కడే నిలుస్తుంది. జారిపోతుంటే లోపలి చుట్లు రెండూ పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి ఎక్కాయన్నమాట. విప్పి మళ్లీ వేయండి.

నైలాన్ గుడ్డ తడిస్తే సాగుతుంది. సాయంత్రం బిగించిన టెంట్ రాత్రి మంచుకి వదులవుతుంది. పడుకునే ముందు ఒకసారి చుట్టూ తిరిగి తాళ్లన్నీ బిగించండి.

*సరిచూసుకోండి:* పై గుడ్డకీ లోపలి గుడ్డకీ మధ్య అన్ని చోట్లా నాలుగు వేళ్లు పట్టే ఖాళీ ఉండాలి. ఎక్కడ తాకితే అక్కడ తడి లోపలికి దిగుతుంది. తాళ్లకి తెల్ల గుడ్డ పీలికలు కట్టండి, చీకట్లో కాలికి తగలకుండా కనిపిస్తాయి.

7. లోపలి తడి

మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. మీ ఊపిరిలోని ఆవిరి చల్లబడ్డ పై గుడ్డకి తగిలి నీటి బొట్లవుతుంది. చలి వేస్తోందని కిటికీలన్నీ మూసేస్తే అది పోయే దారే ఉండదు. పైన ఒక కిటికీ, కింద ఒకటి కొద్దిగా తెరిచే ఉంచండి. ఆవిరి పైనుంచి పోయి, కిందనుంచి పొడి గాలి వస్తుంది. తడి బట్టలు, తడి చెప్పులు లోపల పెట్టకండి. తలని స్లీపింగ్ బ్యాగ్‌లోకి దూర్చి పడుకోకండి, ఊపిరి తడి అంతా దూదిలోకి పోతుంది.

కారుతోందో, ఆవిరో తేల్చుకోవడం సులువు. బొట్లు పై గుడ్డ లోపలి వైపంతా సమంగా ఉంటే ఆవిరి. ఒకే కుట్టు వెంబడి, ఒకే మూలలో ఉంటే కారడం.

8. పడక

నేల మీద చలి ఎక్కువగా కిందనుంచే లాగుతుంది. మీ బరువుకి అణిగిన స్లీపింగ్ బ్యాగ్ అడుగు భాగం వెచ్చదనాన్ని పట్టదు, ఆ పని పరుపుదే. పరుపుల మీద ఆర్ విలువ (కిందనుంచి వచ్చే చలిని ఎంత ఆపుతుందో చెప్పే అంకె) అని ఉంటుంది: ఎండాకాలానికి 2 చుట్టుపక్కల చాలు, చల్లటి రాత్రులకి 3 నుంచి 4. గాలి పరుపుని బాగా బిగుతుగా ఊదకండి. రాత్రి చలికి కాస్త మెత్తబడటం సహజం, దాన్ని చిల్లు అనుకోవద్దు. నిజంగా చిల్లేనేమో చూడాలంటే సబ్బు నీళ్లు పూయండి, బుడగలు వచ్చిన చోటే చిల్లు.

9. నీళ్లు

కుళాయి ఉన్నా మీ నీళ్లు మీరు తెచ్చుకోవడమే మేలు. నది నీళ్లు తప్పకపోతే, మడుగు కాకుండా పారే చోట ముంచి, బురదగా ఉంటే బకెట్‌లో గంటసేపు తేరనిచ్చి, పైతేటని గుడ్డతో వడకట్టండి. తర్వాత తెర్లు కాగడం మొదలయ్యాక ఒక నిమిషం మరగనివ్వండి. 2000 మీటర్ల కంటే ఎత్తులో మూడు నిమిషాలు.

0.2 మైక్రాన్ ఫిల్టర్ బ్యాక్టీరియాని, పరాన్నజీవుల్ని ఆపుతుంది, వైరస్‌లని ఆపదు. క్లోరిన్ బిళ్లలకి చీటీ మీద రాసినంత సమయం, మామూలుగా అరగంట, ఇవ్వాలి. అయితే క్రిప్టోస్పోరిడియం లాంటి పరాన్నజీవులకి మామూలు క్లోరిన్ చాలదు. అన్నిటిలోకీ కాచడమే నమ్మకమైనది. పురుగుమందులు, కార్ఖానా రసాయనాలు కాచినా పోవు. పైన పొలాలో, కార్ఖానాలో ఉంటే ఆ నీళ్లు తాగకండి.

ముంచిన సీసా వేరు, తాగే సీసా వేరు. శుభ్రం చేసిన నీళ్లని ముంచిన సీసాలోనే పోస్తే చేసిందంతా వృథా.

10. స్టవ్, నిప్పు

టెంట్ లోపలగానీ, ముందరి వసారాలోగానీ స్టవ్ వెలిగించకండి. వానైనా, చలైనా సరే. గుడ్డ అంటుకోవడం ఒక ప్రమాదం, కార్బన్ మోనాక్సైడ్ ఇంకొకటి. దానికి వాసన లేదు, రంగు లేదు. వెచ్చదనానికని కుంపటిలో నిప్పులు లోపల పెట్టుకున్నా అదే ముప్పు. వాన వస్తే పట్టా ఒకటి ఎత్తుగా, నాలుగు వైపులా తెరిచి కట్టుకుని దాని కింద వండండి.

గ్యాస్ డబ్బా బిగించాక కలిసే చోట సబ్బు నీళ్లు రాసి బుడగలు చూడండి. డబ్బా స్టవ్ కిందే ఉండే రకమైతే చుట్టూ గాలి అడ్డు పూర్తిగా మూయకండి, డబ్బా వేడెక్కుతుంది.

నిప్పు ఇనుప చట్రంలోనే. నదిలోంచి తెచ్చిన రాళ్లతో పొయ్యి పేర్చకండి. వాటి సందుల్లో చిక్కుకున్న నీరు ఆవిరై రాయి పగిలి ముక్కలు ఎగురుతాయి. కట్టెలు అక్కడివే వాడండి, దూరం నుంచి తెస్తే వాటితో చెట్ల పురుగులూ వస్తాయి. ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. అరచేతి వెనక వైపు దగ్గరగా పెట్టి చూడండి. వేడి తెలిస్తే ఆరలేదు. మట్టి కప్పి వదిలేయడం ఆర్పడం కాదు, లోపల గంటలకొద్దీ నివురుగప్పి ఉంటుంది.

11. మరుగు, కడుక్కోవడం

గుంట మరుగుదొడ్డిలో కాగితం తప్ప ఇంకేమీ వేయకండి. ప్లాస్టిక్, ప్యాడ్లు పడితే ఖాళీ చేసే గొట్టం మూసుకుపోతుంది. మూత వేసి రండి, వాసన, ఈగలు తగ్గుతాయి. అసలు మరుగుదొడ్డే లేని చోట నీటికి, దారికి, టెంట్లకి కనీసం 60 మీటర్ల దూరంలో 15 నుంచి 20 సెం.మీ. లోతు గుంట తీసి, పని అయ్యాక మట్టితో పూడ్చండి.

గిన్నెలు నదిలో కడగకండి. ప్రకృతికి హాని చేయదని రాసి ఉన్న సబ్బు కూడా నేలలో కరగడానికే గానీ నీళ్లలో కలపడానికి కాదు. బకెట్‌తో 60 మీటర్లు అవతలికి తీసుకెళ్లి కడిగి, మెతుకుల్ని వడకట్టి చెత్త సంచిలో వేసి, నీళ్లని నేల మీద పలుచగా చల్లేయండి.

తిండి, పళ్లు తోముకునే పేస్టు, సువాసన సబ్బులు టెంట్‌లో ఉంచకండి. వాసనకి ఎలుకలు గుడ్డ కొరుకుతాయి, ఎలుకల వెనక పాములు రావచ్చు. గట్టి మూత పెట్టెలో బండిలో పెట్టండి. ఎలుగుబంట్లు తిరిగే ప్రాంతమైతే బోర్డు చెప్పిన పద్ధతే పాటించండి.

12. చీకటి పడే ముందు, రాత్రి

నీటి అంచున ఒక పుల్ల పాతండి. పడుకునేదాకా గంటకోసారి చూడండి. పుల్ల నీళ్లలోకి వచ్చిందంటే మట్టం పెరుగుతోంది. తేట నీళ్లు ఉన్నట్టుండి బురదగా మారినా, ఆకులు, కొమ్మలు కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా పైన ఎక్కడో వాన పడిందని అర్థం. అప్పుడు టెంట్ విప్పుతూ కూర్చోవద్దు. మనుషులు, లైట్లు, తాళాలు తీసుకుని ఎత్తుకి వెళ్లండి. వేగంగా పారే నీళ్లు 15 సెం.మీ. ఉన్నా పెద్ద మనిషిని పడగొట్టగలవు, 30 సెం.మీ. చిన్న కార్లని తేల్చుకుపోగలవు. అందుకే బండి ముఖం ఎప్పుడూ బయటికి వెళ్లే దారి వైపు ఉండాలి.

ఉరుము వినిపిస్తే గట్టి పైకప్పు ఉన్న బండిలోకి వెళ్లి అద్దాలు మూయండి. టెంట్ పిడుగు నుంచి కాపాడదు. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి రండి.

పొద్దుగూకాక ఎవరూ నీళ్లలో దిగకూడదు. పగలు దిగినా పారే నీళ్లు మోకాలు దాటితే నిలబడే ప్రయత్నం వద్దు. రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకి తోసేసి లేవనివ్వదు. పిల్లలు ఒడ్డున ఆడుకుంటున్నా లైఫ్ జాకెట్ వేయండి, పెద్దలొకరు చేయి అందే దూరంలో ఉండండి.

చెప్పులు బయట వదలకుండా సంచిలో పెట్టి లోపలుంచండి. పొద్దున వేసుకునే ముందు దులపండి. లైటు, ఈల, బండి తాళం రోజూ ఒకే చోట, తల పక్కన.

13. విప్పడం

తెల్లారాక ముందు పై గుడ్డ తీసి, తువ్వాలుతో తుడిచి, ఎండ తగిలే చోట తిరగేసి ఆరేయండి. మంచు ఆరేలోపు మిగతావి సర్దుకోవచ్చు. మేకుని తాడు పట్టుకుని లాగకండి, ఇంకో మేకు కొక్కేన్ని తగిలించి దిగిన వాలులోనే పైకి లాగండి. ఊచల్ని మధ్యనుంచి మడవడం మొదలుపెట్టండి. కొసనుంచి మొదలుపెడితే లోపలి రబ్బరు తాడు ఒక వైపు ఎక్కువ సాగి త్వరగా పోతుంది. లోపలి దుమ్ము చీపురుతో ఊడ్చి, మేకులు లెక్కపెట్టి, స్థలం చుట్టూ ఒకసారి నడిచి చిన్న చెత్తతో సహా ఏరండి.

వానలో విప్పాల్సి వస్తే తడి పై గుడ్డని వేరే ప్లాస్టిక్ సంచిలో వేయండి, లోపలి గుడ్డతో కలపకండి. ఇంటికి చేరిన రోజే, ఆలస్యమైనా మర్నాడైనా, విప్పి ఆరేయాలి. తడిగా మడిచి వదిలేసిన టెంట్‌కి బూజు పడుతుంది, లోపలి పూత జిగురుగా మారి పొరలుగా రాలుతుంది. దాన్ని బాగుచేయడం కష్టం. కుట్లు, మూలలు చేత్తో తడిమి పూర్తిగా ఆరాయని తేలాక, ప్రతిసారీ అవే మడతల మీద కాకుండా వదులుగా చుట్టి, దానితో వచ్చిన బిగుతు సంచిలో కాక పెద్ద గుడ్డ సంచిలో, గాలి తగిలే చోట పెట్టండి.